నిమ్మకాయ తొక్కు జార్‌కు లేబుల్: కొత్తగా డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థిని పని, మొదటి గీత నుంచి ప్రింటు దాకా

నల్గొండలో డిగ్రీ చదువుతూ గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థినికి, నేర్పేవాళ్లుగా మేం ఇచ్చిన మొదటి పూర్తి స్థాయి పని ఇది. నకిరేకల్ పక్క ఊళ్లో ఒక మహిళా సంఘం నిమ్మకాయ తొక్కు పెట్టి అరకిలో ప్లాస్టిక్ జార్లలో అమ్ముతుంది. అప్పటిదాకా జార్ మీద ఉన్నది డీటీపీ సెంటర్‌లో కొట్టించిన తెల్ల కాగితం, దాని మీద సెల్లోటేపు. నూనె తగిలి కాగితం మరక పడేది, పేరు చదవ వచ్చేది కాదు. దాని స్థానంలో సరైన లేబుల్ కావాలి. గడువు మూడు వారాలు, మొదటి విడత 300 లేబుళ్లు.

ఈ పనిలో చెప్పుకోదగ్గది తుది లేబుల్ కన్నా అది తయారైన దారి. పనిని మలుపు తిప్పిన మార్పులు దాదాపు అన్నీ కంప్యూటర్ తెర బయటే జరిగాయి. జార్‌కు కాగితం చుట్టినప్పుడు కొన్ని, కిరాణా దుకాణం రాక్‌లో పెట్టి దూరం నుంచి చూసినప్పుడు కొన్ని, నూనె చేత్తో పట్టుకున్నప్పుడు కొన్ని. మొదటి వారం ల్యాప్‌టాప్ తెరవొద్దన్న షరతు పెట్టింది అందుకే. కొత్తవాళ్లకు సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోగానే ఫాంట్లు, గ్రేడియంట్లు, నీడలు చేతికి తగులుతాయి. ఆలోచన ఇంకా పుట్టకముందే అలంకారం మొదలవుతుంది.

అడిగింది ఒకటి, కావలసింది ఒకటి

సంఘం వాళ్లు చెప్పింది ఒకే మాట: "మంచిగ, కలర్ కలర్‌గ ఉండాలె." ఇది బ్రీఫ్ (డిజైనర్‌కు పని ఏమిటో చెప్పే వివరం) కాదు, బ్రీఫ్‌కు మొదలు. విద్యార్థిని మొదటిసారి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాటే రాసుకొని వచ్చింది. రెండోసారి ప్రశ్నల కాగితంతో పంపాల్సి వచ్చింది. జార్ ఏది, ఎప్పుడూ అదే కొంటారా? ఎక్కడ అమ్ముతారు? లేబుల్ ఎవరు అంటిస్తారు, తొక్కు నింపకముందా, నింపినాకనా? తేదీ, ధర ఎవరు వేస్తారు, దేనితో? ఆహార భద్రత లైసెన్సు నంబర్ వచ్చిందా? లేబుల్‌కు ఎంత ఖర్చు పెట్టగలరు?

జవాబుల్లో రెండు మొత్తం డిజైన్‌నే నిర్ణయించాయి. అమ్మకం సగం నకిరేకల్ కిరాణా దుకాణాల్లో, సగం హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి పక్క స్టాళ్లలో. అంటే కొనేవాళ్లలో సగం మంది కారు ఆపి, రెండు నిమిషాల్లో తీసుకొని వెళ్లిపోయేవాళ్లే. వాళ్లకు ఆరేడు అడుగుల దూరం నుంచే అది ఏమిటో తెలియాలి. రెండోది, సంఘంలో ఒక పెద్దావిడ చెప్పిన మాట: "బిడ్డా, తొక్కు కనబడాలె. కనబడకుంటే ఎవరు కొంటరు? పేరు జర పెద్దగ రాయి, బొమ్మ చిన్నగున్నా నడుస్తది." డిజైన్ పుస్తకాలు పేజీల కొద్దీ చెప్పే ప్రాధాన్య క్రమం ఈ మూడు వాక్యాల్లో ఉంది. విద్యార్థిని అది ఉన్నదున్నట్టు రాసుకొని ప్రాసెస్ బుక్ (పని ఎలా నడిచిందో దాచుకునే పుస్తకం) మొదటి పేజీలో అంటించింది. ఆ తర్వాత తగవు వచ్చిన ప్రతిసారీ ఆ పేజీయే తీర్పు చెప్పింది.

కొలత

ఖాళీ జార్ ఒకటి ఇంటికి తెచ్చుకోవడం తప్పనిసరి. జార్ వ్యాసం 85 మి.మీ., చుట్టుకొలత 267 మి.మీ. దీన్ని స్కేలుతో వ్యాసం కొలిచి లెక్కకట్టడం కన్నా సన్నటి కాగితపు పట్టీ చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, విప్పి కొలవడం మేలు. ప్లాస్టిక్ జార్లు ఒక్కోసారి అచ్చు గుండ్రంగా ఉండవు. లేబుల్ కూర్చునే చదును భాగం ఎత్తు 70 మి.మీ. దాని పైన భుజం వంపు, కింద ఒక గాడి.

విద్యార్థిని మొదట వేసుకున్న కొలత 275 × 70: పూర్తిగా చుట్టి, 8 మి.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా. ఇందులో మూడు తప్పులున్నాయి. చదును భాగం ఎంత ఉందో లేబుల్ ఎత్తు అంతే ఉంటే అంటించేటప్పుడు వెంట్రుకవాసి వంకర పోయినా అంచు భుజం మీదికి ఎక్కి ముడత పడుతుంది. పైనా కిందా మూడేసి మి.మీ. వదలాలి. అప్పుడు ఎత్తు 64. రెండోది, పూర్తిగా చుడితే తొక్కు కనబడదు, పెద్దావిడ అడిగిందే పోయింది. మూడోది ప్రింటింగ్ లెక్క.

డిజిటల్ ప్రెస్‌లో స్టిక్కర్ షీటు 12 × 18 అంగుళాలు, అంటే సుమారు 305 × 457 మి.మీ. అంచులు పోగా వాడుకోగలిగేది దాదాపు 295 × 440. లేబుల్ చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపు కాస్త అటూ ఇటూ పోయినా తెల్ల అంచు పడకుండా బయటికి పొడిగించే రంగు) కలిపితే 275 × 70 లేబుల్ 281 × 76 అవుతుంది, షీటుకు ఐదు. 300 లేబుళ్లకు 60 షీట్లు. వెనుక 67 మి.మీ. కిటికీలా ఖాళీ వదిలి లేబుల్‌ను 200 × 64 చేస్తే బ్లీడ్‌తో 206 × 70. పొడుగు వైపు రెండు, అడ్డం వైపు నాలుగు, షీటుకు ఎనిమిది. 300కు 38 షీట్లు సరిపోతాయి. అదే వెడల్పుతో ఎత్తు మాత్రం 70 ఉంచితే షీటుకు ఆరే పడతాయి. ఎత్తులో 6 మి.మీ. తగ్గితే షీటుకు రెండు లేబుళ్లు ఎక్కువ.

ఈ లెక్క గీత గీయకముందే చేయాలి. డిజైన్ అంతా అయ్యాక ప్రెస్‌కు పోయి, అక్కడ ఆపరేటర్ "షీటుల పడతలేదు, జర తగ్గిస్తున్న" అని నిలువుగా నొక్కేస్తే అక్షరాల ఆకారమే మారిపోతుంది. మన దగ్గర ఇది జరగని వారం ఉండదు.

కొలతలో ఇంకో సంగతి వంపు. జార్‌ను ఎదురుగా చూస్తే సగం చుట్టుకొలత, అంటే 133 మి.మీ. కనబడాలి కదా అనిపిస్తుంది. కానీ రెండు చివర్లూ కంటికి ఏటవాలుగా పోతాయి. సాఫీగా చదవగలిగేది మూడో వంతే, 90 మి.మీ. లోపు. విద్యార్థిని మొదటి నమూనాలో పేరు 140 మి.మీ. పొడవు. తెర మీద దర్జాగా ఉంది. కాగితం చుట్టి జార్ రాక్‌లో పెడితే కనబడింది "మ్మకాయ తొ" మాత్రమే. అప్పటి నుంచి లేబుల్‌ను మూడు భాగాలుగా విడదీసింది: ముందు ముఖం 90, ఎడమ 55, కుడి 55. పేరు, బొమ్మ, శాకాహార గుర్తు, నికర బరువు ముందు. మిగతావన్నీ పక్కలకు.

చిన్న పెట్టెలు, మందపు పెన్ను

థంబ్‌నెయిల్స్ (చిన్న చిత్తు గీతలు) కోసం ముందు ముఖానికి సగం కొలతలో, 45 × 32 మి.మీ. పెట్టెలు ఏ4 కాగితం మీద పన్నెండు. ఒక్కో పెట్టెకు రెండు నిమిషాలు. పెన్సిల్ వద్దు, మందపు స్కెచ్ పెన్ను. పెన్సిల్ ఇస్తే నిమ్మకాయకు నీడలు దిద్దుతూ కూర్చుంటారు. స్కెచ్ పెన్ను ముల్లు అంత సన్నగా గీయనివ్వదు కనుక ఏది ఎక్కడ, ఎంత పెద్దగా అన్నదే మిగులుతుంది.

మొదటి ఎనిమిది పెట్టెలూ ఒకటే: నడుమ నిమ్మకాయ, పైన విల్లులా వంగిన పేరు, కింద రెండు మిరపకాయలు, చుట్టూ పోచంపల్లి అంచు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇంతకుముందు చూసిన లేబుళ్లన్నీ చేతిలోంచి బయటికి రావాలి, రానివ్వాలి. సాధారణంగా ఆరు నుంచి పది పెట్టెల దాకా అవే వస్తాయి. అక్కడ ఆగిపోయేవాళ్లే ఎక్కువ, "ఇక ఐడియాలు లేవు" అంటారు. అప్పుడు ఐడియా అడగకూడదు, అడ్డు పెట్టాలి. ఆమెకు పెట్టిన అడ్డులు: అక్షరాలు తప్ప ఏమీ వద్దు. నిమ్మకాయ, మిరపకాయ రెండూ నిషేధం. ఒకే ఆకారం, ఒకే రంగు. పేరు పెట్టెలో సగం కన్నా ఎక్కువ చోటు తీసుకోవాలి.

పోచంపల్లి అంచు గురించి ఒక మాట. నల్గొండ ప్రాంతపు సరుకు అనగానే ఇక్కత్ అంచు అతికించడం అలవాటైపోయింది. చీరల దుకాణం బోర్డుకూ అదే, కాలేజీ ఫెస్ట్ పోస్టర్‌కూ అదే, తొక్కుకూ అదే. నిమ్మకాయకూ ఇక్కత్‌కూ సంబంధం లేదు, ఒకప్పుడు జిల్లా ఒకటి కావడం తప్ప. పైగా లేబుల్ మీద 5 మి.మీ. పట్టీకి కుదిస్తే ఇక్కత్ అందం చచ్చిపోతుంది. నేయకముందే నూలుకు రంగు అద్దడం వల్ల దారాలు కొంచెం అటూ ఇటూ జరిగి అంచులు పలచగా అలుక్కుపోవడమే దాని సొగసు. ఆ మెత్తదనం అంత చిన్న కొలతలో కనబడదు, పళ్ల గీతలు మాత్రం మిగులుతాయి. అంచు తీసేయమన్నప్పుడు విద్యార్థిని ఒప్పుకోలేదు, "మన దగ్గరిదని ఎట్ల తెలుస్తది?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఊరి పేరు రాస్తే తెలుస్తుంది, నకిరేకల్ నిమ్మకు ఈ దిక్కున పేరుంది.

అయితే నేతపని నుంచి ఆమె పనికొచ్చేది ఒకటి తీసుకుంది. పుట్టపాక తేలియా రుమాలు (ఇక్కత్‌లో ఒక రకం) సంప్రదాయంలో రంగులు ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. అన్ని నమూనాలూ ఆ మూడింటిలోనే. ఆ కట్టుబాటును లేబుల్‌కు తెచ్చుకుంది: నేపథ్యంతో కలిపి మూడు రంగులు, నాలుగోది కావాలంటే ఒకటి తీసేయాలి. ఇక్కత్ అంచు అతికించడం కన్నా ఇది నేతను బాగా అర్థం చేసుకోవడం.

అక్షరాలు

ఈ పనిలో ఎక్కువ సమయం తిన్నది ఇదే, తినాల్సిందీ ఇదే.

సంఘం దగ్గరున్న పాత వివరాలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టినవి. అను పద్ధతిలో తెలుగు ఆకారాలు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చుంటాయి. అదే ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. విద్యార్థిని ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అతికించగానే అదే జరిగింది. అంతా యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) తిరిగి టైపు చేయాల్సి వచ్చింది. తిరిగి టైపు చేసినప్పుడల్లా కొత్త తప్పులు దూరతాయి. లిప్యంతరీకరణ కీబోర్డులో ఒక షిఫ్ట్ తేడాతో "తొక్కు" కాస్తా "తోక్కు" అయింది, రెండు నమూనాల దాకా ఎవరూ చూడలేదు. టైపు చేసినవాళ్లు చదివితే ఈ తప్పు దొరకదు, బుర్రలో ఉన్నదే కంటికి కనబడుతుంది. వేరే మనిషి పైకి చదవాలి, అదీ కాగితం మీద.

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ఇక్కడే. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ తెలుగు వత్తులతో సహా సరిగా వస్తుంది. ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్‌లలో మామూలు సెట్టింగుతో వత్తు కిందికి దిగకుండా పొల్లుతో విడిగా నిలబడితే ఫాంట్‌ను తిట్టకండి. టైపు ప్రిఫరెన్సుల్లోకి వెళ్లి ఫొటోషాప్ పాత వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్‌నూ, ఇల్లస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లనూ ఎంచుకోవాలి.

ఫాంట్ ఎంపికలో మూడు పరీక్షకు నిలబడ్డాయి: రామభద్ర, బాలూ తమ్ముడు 2, అనెక్ తెలుగు. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అమ్మే సరుకు మీద వాడుకోవడానికి అనుమతి ఉన్నవే. రామభద్ర దూరానికి బలంగా కనబడుతుంది గానీ అందులో ఒకే మందం. పక్క భాగాల్లో చిన్న అక్షరాలకు వేరే ఫాంట్ వెతకాలి. అనెక్‌లో సన్నం నుంచి మందం దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా విడివిడిగా గీసిన రూపాలున్నాయి. కొత్తవాళ్లు రెండు ఫాంట్లు జత కలిపి తంటాలు పడటం కన్నా ఒకే కుటుంబంలో పని చేయడం మంచిది. ఆమె అనెక్ తీసుకుంది.

వెడల్పు రూపాలుంటే లాభం ఏమిటంటే లాగాల్సిన పని లేదు. చోటు సరిపోలేదని మామూలు ఫాంట్‌ను అడ్డంగా 70 శాతానికి నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డ గీతలు అలాగే ఉంటాయి. తెలుగు అక్షరం నిండా గుండ్రాలే కాబట్టి ఇంగ్లిష్ కన్నా ఇక్కడ ఆ దెబ్బ ఎక్కువ కనబడుతుంది. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నిలబడి ఫ్లెక్సీలు చూస్తే ఒకే పేరు నాలుగు రకాలుగా నొక్కి ఉండటం చూడవచ్చు.

అసలు చిక్కు పేరును రెండు వరుసలుగా పేర్చడంలో వచ్చింది. 90 మి.మీ. లోపల "నిమ్మకాయ తొక్కు" ఒకే వరుసలో పెడితే అక్షరాలు చిన్నవవుతాయి. రెండు వరుసలు చేసి, రెంటినీ ఎడమకు సర్ది, వరుసల మధ్య దూరం తగ్గించగానే పై వరుసలో మ కింద కుడివైపు వేలాడే వత్తు కింది వరుస తలలను గుద్దింది. దూరం పెంచితే రెండు మాటలు విడిపోయి, లేబుల్ నడుమ ఖాళీ పట్టీ పడింది. కింద "క్కు" వత్తుకు మళ్లీ చోటు కావాలి. 64 మి.మీ. ఎత్తులో ఇదంతా పట్టదు.

విద్యార్థిని మొదట చేసింది వత్తును చిన్నది చేయడం. పేరును పాత్‌గా (అక్షరాల్ని ఉత్త గీతల ఆకారంగా) మార్చి, వత్తును విడదీసి, 70 శాతానికి కుదించింది. గీత మందం కూడా అంత మేర తగ్గి వత్తు మిగతా అక్షరాల పక్కన చిక్కిపోయినట్టు కనబడింది. తర్వాత మాటల్ని కాగితం మీద ప్రింటు తీసి, కత్తెరతో కత్తిరించి, బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ చూసింది. పరిష్కారం అక్కడ దొరికింది. "తొక్కు"ను కుడివైపుకు జరిపి "కాయ" కిందికి తెచ్చింది, కొంచెం పెద్దది చేసింది. ఇప్పుడు మ వత్తు కింద ఎడమవైపు ఖాళీలో హాయిగా కూర్చుంది, గుద్దుకోవడం పోయింది. ఆ ఖాళీలోనే, వత్తు కింద, బొమ్మకు కూడా చోటు వచ్చింది. వత్తు అడ్డం అనుకున్నది కాస్తా లేబుల్ అమరికను నిర్ణయించింది. తెర మీద అలైన్ బటన్లు నొక్కుతూ ఉంటే ఇది దొరకదు. ఆ బటన్లు ఎడమ, నడుమ, కుడి అనే మూడు ఆలోచనలే ఇస్తాయి.

బొమ్మ

నిమ్మకాయను మ అక్షరంలోని గుండ్రం బదులు పెడదామన్నది మధ్యలో వచ్చిన ఒక ఐడియా. సున్న ఉన్న పేర్లకు ఇది ఒక్కోసారి చెల్లుతుంది. ఇక్కడ సున్న లేదు, మ పోయింది. చూపించిన నలుగురిలో ఇద్దరు చదవలేకపోయారు, ఐడియా చెత్తబుట్టలోకి. కానీ ప్రాసెస్ బుక్‌లో ఉంచింది, పక్కన కారణం రాసింది. అది సరైన పద్ధతి.

తొక్కులో నిమ్మకాయ నిండుగా ఉండదు, బద్దలుగా ఉంటుంది. అందుకని బద్దనే గీసింది: అర్ధచంద్రం, బయట తోలు పట్టీ, లోపల తొనలు. 30 మి.మీ. పెద్దగా గీసినప్పుడు ఐదు తొనలు, మధ్య సందులు 1.2 మి.మీ. అందంగానే ఉంది. లేబుల్ మీద దానికి దొరికిన చోటు 12 మి.మీ. అక్కడికి కుదిస్తే సందు 0.48 మి.మీ., ప్రింటులో సిరా పరుచుకొని తొనలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయి. చిన్న బొమ్మ అంటే పెద్ద బొమ్మను కుదించింది కాదు, చిన్న కొలతకు తిరిగి గీసింది. ఐదు తొనల్ని మూడు చేసి, సందు చివరి కొలతలో 0.8 మి.మీ. ఉండేలా దిద్దాక నిలిచింది.

రంగు

తెర మీద ఆమె ఎంచుకున్న చిలకపచ్చ ప్రింటులో మట్టి పచ్చగా వచ్చింది. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. అంత మెరిసే పచ్చ నాలుగు సిరాల కలయికలో పుట్టదు. ముందే సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల శాతాలు) విలువల్లో అనుకొని మొదలుపెట్టాలి. చివరికి నిలిచినవి: నేపథ్యానికి లేత పసుపు (మెజెంటా 8, పసుపు 70), పేరుకూ బద్దకూ ముదురు ఆకుపచ్చ (సయాన్ 85, మెజెంటా 40, పసుపు 90, నలుపు 45), చిన్న అక్షరాలకు నలుపు 100 మాత్రమే.

ఆ "మాత్రమే" ముఖ్యం. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్ ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్కలో) వస్తుంది. ప్రెస్‌లో దాన్ని మార్చినప్పుడు నలుపు నాలుగు సిరాల నలుపు అవుతుంది. నాలుగు అచ్చులు కొంచెం కదిలినా చిన్న అక్షరాల చుట్టూ రంగు నీడలు. అందుకే బొమ్మా పేరూ ఇంక్‌స్కేప్‌లో చేసి, చివరి కూర్పు స్క్రైబస్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, అక్కడ రంగులు సీఎంవైకేగా నిర్ణయించి పీడీఎఫ్ తీసింది.

పసుపు మీద తెల్ల అక్షరాలు, తెలుపు మీద పసుపు అక్షరాలు రెండూ ప్రయత్నించింది. రెండూ మూడు అడుగులు దాటితే కనబడలేదు. దీన్ని తేల్చడానికి వాదన అక్కర్లేదు. ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేస్తే చాలు.

చట్టం అడిగే చిన్న అక్షరాలు

మొదటి పూర్తి నమూనాలో పక్క భాగాలు మొత్తం తెలుగులోనే ఉన్నాయి. ఉద్దేశం మంచిదే, కానీ చెల్లదు. ఆహార లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి లిపిలోని హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా ఎంతైనా పెట్టుకోవచ్చు. అంటే చిన్న అక్షరాల చోటు ఉన్నపళంగా ఇంచుమించు రెట్టింపు కావాలి. ఈ సంగతి మొదటి రోజే తెలియకపోతే చివర్లో డిజైన్ కూలుతుంది.

పదార్థాల పట్టిక బరువులో ఎక్కువ నుంచి తక్కువ క్రమంలో: నిమ్మకాయలు, ఉప్పు, నూనె, కారం, ఇలా సంఘం వాడే పాళ్ల ప్రకారం. తయారీదారు పేరు చిరునామా, నికర బరువు, బ్యాచ్, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదులకు ఫోన్, పోషక విలువలు, ఆహార భద్రత సంస్థ లోగోతో 14 అంకెల నంబర్. శాకాహార గుర్తు వెబ్‌లో దొరికిన మసక బొమ్మ పెట్టింది, తీయించాం. అది గీయడం రెండు నిమిషాల పని: ఆకుపచ్చ గీతతో చతురస్రం, లోపల నిండు ఆకుపచ్చ చుక్క, చతురస్రం భుజం చుక్క వ్యాసానికి రెట్టింపు. ముందు ముఖం 100 చదరపు సెంటీమీటర్ల లోపు ఉంటే చుక్క కనీసం 3 మి.మీ., 100 నుంచి 500 మధ్యైతే 4 మి.మీ. ఇక్కడ ముఖం 90 × 64, అంటే 58 చదరపు సెం.మీ. లోపే. అయినా 4 పెట్టుకుంది.

తెలుగు 8 పాయింట్ల కన్నా తగ్గితే వత్తులు పూడుకుపోతాయి. వరుసల మధ్య 12 పాయింట్లు ఇవ్వాలి. ఇంగ్లిష్ అదే చోట 6 పాయింట్లతో, 7.5 వరుస దూరంతో చదవ వస్తుంది. పక్క భాగంలో రెండు లిపులూ ఒకే పాయింటులో పెడితే ఇంగ్లిష్ అరుస్తున్నట్టూ తెలుగు గుసగుసలాడుతున్నట్టూ ఉంటుంది.

నమూనాలు, దెబ్బలు

ఇంటి ప్రింటర్‌లో నలుపు తెలుపు నమూనా తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" ఉంటే లేబుల్ కొంచెం కుంచించుకుపోతుంది. జార్‌కు చుడితే కొలత తప్పిందనుకొని డిజైన్ మార్చేస్తారు. ఆమె విషయంలో ఒక పూట ఇలాగే పోయింది. మందు చిన్నది: ఫైలు మూలన కచ్చితంగా 50 మి.మీ. గీత ఒకటి పెట్టుకోవాలి. ప్రింటు తీయగానే ముందు ఆ గీతను స్కేలుతో కొలవాలి.

దుకాణం రాక్ పరీక్షలో "బాగుందా?" అని అడగొద్దన్నది నియమం. ఎవరూ బాలేదనరు. ఆరు అడుగుల నుంచి మూడు సెకన్లు చూపించి, జార్ తిప్పేసి, "ఏం చూశారు?" అని అడగాలి. మొదటి వాళ్లు "ఏదో తొక్కు" అన్నారు, నిమ్మకాయది అని అనలేదు. అప్పటికి "నిమ్మకాయ" మాట "తొక్కు"లో సగం ఎత్తే ఉంది. ముప్పావు వంతుకు పెంచాక ఆ ఫిర్యాదు రాలేదు.

స్టిక్కర్ రకం మీద సంఘం వాళ్లే పరీక్ష చేశారు. మామూలు క్రోమో కాగితపు స్టిక్కర్, పీవీసీ (ప్లాస్టిక్) స్టిక్కర్ రెండిటినీ జార్లకు అంటించి, నూనె చేతులతో పట్టుకొని, రాత్రంతా ఉంచారు. పొద్దున్నకు కాగితం మీద నూనె పాకి అక్షరాల వెనుక మరకలు. పీవీసీ తుడిస్తే పోయింది. పీవీసీ కొంచెం ఖరీదు, అయినా షీట్లు 60 నుంచి 38కి తగ్గడం అక్కడ ఆదుకుంది.

మరో దెబ్బ ఎవరూ ఊహించనిది. పీవీసీ మీద గ్లాసీ లామినేషన్ (మెరిసే పొర) చేయించాక తేదీ ముద్ర వేస్తే సిరా ఆరలేదు, వేలు తగలగానే చెరిగిపోయింది. తేదీ, బ్యాచ్ చెరిగిన డబ్బా అమ్మడం కుదరదు. లామినేషన్ తీసేయడం ఒక దారి, చెరగని మార్కర్‌తో రాయడం ఇంకో దారి. 300 జార్ల మీద చేత్తో రాస్తే చేతిరాత లేబుల్ మొత్తాన్ని పాడుచేస్తుంది. చివరికి తేదీ, బ్యాచ్, ధరల కోసం చిన్న కాగితపు స్టిక్కర్ వేరుగా చేసి, ముందే ముద్ర వేసి ఆరనిచ్చి, జార్ అడుగున అంటించాలని నిర్ణయించారు. లేబుల్ మీద "తేదీ, ధర జార్ అడుగున చూడండి" అని ఇంగ్లిష్‌లో, తెలుగులో ఒక వరుస. లేబుల్‌ను తొక్కు నింపకముందే, పొడి జార్‌కు అంటించాలన్నది సంఘానికి రాసిచ్చిన సూచనల్లో మొదటిది. నింపినాక అంటిస్తే జార్ మీది నూనె జిగురును పట్టనివ్వదు.

ప్రెస్‌కు పంపిన ఫైలులో అక్షరాలన్నీ పాత్‌గా మార్చి ఉన్నాయి, కనుక అక్కడ ఫాంట్ లేకపోయినా వత్తులు విరగవు. మార్చకముందు ఫైలు వేరుగా దాచుకోవాలి, లేకపోతే రేపు ఫోన్ నంబర్ మారితే మొదటి నుంచి టైపు చేయాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి.

మార్కులు ఎలా వేశాం

వందకు నలభై ప్రాసెస్ బుక్‌కు: పెట్టెలన్నీ, కత్తిరించిన మాటలు, తిరస్కరించినవాటి పక్కన కారణాలు. ముప్పై తుది లేబుల్‌కు. పదిహేను అక్షర దోషాలు లేకపోవడానికి, పదిహేను ప్రింటు ఫైలు శుద్ధికి. ఆమె బుక్‌లో ఒకటే లోపం: రంగుల దగ్గర కారణాలు రాయలేదు, "ఇది బాగుంది" అని ఉంది. పసుపు ఎందుకు 70, వంద ఎందుకు కాదు అన్నదానికి జవాబు ఉంది (వంద పెడితే పక్కనున్న తొక్కు నల్లగా, పాతగా కనబడింది), కానీ రాసుకోలేదు. మార్కులు అక్కడ తగ్గాయి.

ఇప్పుడు సంఘం పావుకిలో జార్‌కు కూడా లేబుల్ అడుగుతోంది. ఆ జార్ వ్యాసం 65 మి.మీ., చుట్టుకొలత 204. విద్యార్థిని వెంటనే పాత ఫైలును 76 శాతానికి కుదించింది. 6 పాయింట్ల ఇంగ్లిష్ 4.6 అయింది, తెలుగు 8 కాస్తా 6కు దిగి వత్తులు పూడుకున్నాయి, బద్దలో సందులు మళ్లీ అతుక్కున్నాయి. కుదింపు పక్కన పెట్టి ముందు ముఖం 68, పక్కలు 42 చొప్పున కొత్తగా గీతలు గీసుకుంది. పోషక విలువల పట్టిక 42 మి.మీ.లో ఎలా పట్టించాలన్న దగ్గర ప్రస్తుతం స్కెచ్ పెన్నుతో పని నడుస్తోంది.